తలుపవతలి తెలుగు

“నాకు పెరుగు వద్దండి.”

నిన్న సాయంత్రం భోజనాల బల్ల దగ్గర తమాండా అన్న ఆ ఒక్క మాటా తెల్లవారినా ఆ ఇల్లు వదిలి పోలేదు. ఇంగ్లీషులో అని ఉంటే మంగాదేవి పెరుగుగిన్నె పక్కకు జరిపి ఊరుకునేది. మలావీ దేశం నుంచి వచ్చిన పిల్ల, నెల్లాళ్ళుగా మేడమీద చిన్నగదిలో ఉంటూ “గుడ్ మార్నింగ్ ఆంటీ, గుడ్ నైట్ అంకుల్” అనడమే తప్ప మరొకటి ఎరగనట్టు మసలిన పిల్ల, ఆ మాట శుభ్రమైన తెలుగులో అనేసి, కంచం కడిగి బోర్లించి, మెట్లెక్కి వెళ్ళి తలుపేసుకుంది.

అప్పటికి ఆ బల్ల దగ్గర అత్తాకోడళ్ళు ఆమె గురించే, ఆమె ఎదుటే, తెలుగులో దెబ్బలాడుకుంటున్నారు.

శనివారం పొద్దెక్కింది. తలుపు ఇంకా మూసే ఉంది.

“ఒక్కొక్కటే గుర్తొస్తుంటే నా కాళ్ళు చల్లబడుతున్నాయి,” అంది మంగాదేవి పెనం మీద పెసరట్టు తిరగేస్తూ. “నెల్లాళ్ళు! ఏమేం వాగామో ఏందో!”

“మొన్న ఆ పిల్ల జడల సంగతి ఎత్తావు,” అన్నారు ఆమె భర్త దేవదాసుగారు, సాయం చేస్తున్నట్టు.

“బాగున్నాయనేగా అన్నా!”

“బాగున్నాయన్నావు. వీటికి తలంటేది ఎట్టా అని కూడా అన్నావు.”

“మీరు మాత్రం తక్కువా? ఆ పిల్లని ఎదురుగా కూచోబెట్టుకుని నా సాంబారు మీద నాకే చాడీలు చెప్పారు. ఆ పిల్ల నవ్వింది కూడాను. ఎందుకు నవ్విందా అనుకున్నా.”

“నవ్విందంటే ఒప్పుకున్నట్టేగా.”

మామూలు రోజైతే ఈ మాటకు అట్లకాడ గాల్లోకి లేచేది. ఇవాళ లేవలేదు. దాంతో దేవదాసుగారికే గుబులు పుట్టి, టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయారు.

కోడలు కిరణ్మయి బల్ల చివర, మూసిన లాప్‌టాప్ మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది.

“నీకు తెలీదా కిరణ్?” అన్నాడు ఆమె భర్త నిఖిల్ మెల్లిగా. “తన సీవీ చూసింది నువ్వేగా.”

“వైజాగ్‌లో ఎమ్మే చేసిందని ఉంది.”

“మరి?”

“వైజాగ్‌లో అన్నేళ్ళున్న మనిషికి తెలుగు వస్తుందని నాకు తట్టలేదు.”

డబ్లిన్ పరిశోధనా కేంద్రంలో ఆమె పేరు పొందిన ఆర్థికవేత్త. ఏ దేశపు లెక్క చూపించినా అందులో దాక్కున్న మనిషిని చెవి పట్టుకుని బయటికి లాగుతుందని ప్రతీతి. సొంత ఇంట్లో నెల్లాళ్ళు దాక్కున్న తెలుగు మాత్రం ఆమెకు దొరకలేదు.

“తప్పు నాదేనమ్మా,” అంది మంగాదేవి. “‘ఆ పిల్లకే ఇచ్చేసెయ్, ఎట్టాగో నెట్టుకొస్తుందిలే’ అన్నాను చూడు. అంత పెద్ద ఉద్యోగాన్ని మిగిలిపోయిన పులుసులాగా ఆ పిల్ల ముందుకు తోశాను. ఎవరికైనా రోషం రాదూ?”

“అత్తయ్యా, మీరు...”

“నువ్వెళ్ళిపోతావేమోనని నా బాధ నాది. నువ్వు ఊళ్ళో లేకపోతే ఈ ఇల్లు బస్టాండులాగుంటది. ఒకడు లెపర్డ్స్‌టౌన్ ఆఫీసు నుంచి వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. ఇంకొకాయన కోతలు కోస్తాడు. నాతో మాట్లాడేది ఎవరు?”

నిఖిల్, దేవదాసుగారు ఒకరినొకరు చూసుకున్నారు.

సంగతి ఏమంటే, మలావీ రాజధాని లిలాంగ్వేలో ప్రణాళికా శాఖకు ఒక పరిశోధన విభాగం తయారైంది. బయటి నిపుణులు విమానంలో దిగి, లావుపాటి నివేదిక రాసి, టీ చల్లారేలోపు వచ్చిన విమానంలోనే ఎగిరిపోకుండా, ఆ దేశపు లెక్కలు ఆ దేశంవాళ్ళే కట్టి, ఆ దేశపు మంత్రులకు వాళ్ళే చెప్పాలని దాని ఉద్దేశం. రెండేళ్ళుగా అటూ ఇటూ తిరిగి కిరణ్మయి దాన్ని నిలబెట్టింది. తమాండా ఆమె చేతికింద తయారై, ఇద్దరూ కలిసి రాస్తున్న నివేదిక ముగించడానికి ఇప్పుడు ఇక్కడికి వచ్చింది. ఇకమీద ఆ విభాగాన్ని నడిపేది ఎవరు? కిరణ్మయి సంసారం ఇక్కడ వదిలి రెండేళ్ళు అక్కడ కాపురం పెట్టడమా? లేక తమాండాకు అప్పగించి పక్కకు తప్పుకోవడమా?

మధ్యాహ్నం కేంద్రం డైరెక్టరు గ్రాన్యా ఫోన్ చేస్తుంది. కిరణ్మయి నోట ఏ పేరు వస్తే ఆ పేరే ఖాయం.

మంగాదేవి పళ్ళెంలో రెండు పెసరట్లు, అల్లప్పచ్చడి పెట్టి, ఎవరి చేతికివ్వాలో తెలియక నిలబడింది.

“ఇటివ్వు,” అన్నారు దేవదాసుగారు లేచి.

“మీరా? మీరెళ్ళి ఏం కోతలు కోస్తారో!”

“దానికేగా ఎళ్ళేది.”

*

డబ్లిన్‌కు దగ్గరలోని నేస్ ఊళ్ళో ఆ ఎస్టేటు ఇళ్ళన్నీ అచ్చు పోసినట్టు ఒకేలా ఉంటాయి. కొత్తలో తాను పొరపాటున పక్కింట్లో దూరి, సోఫాలో కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగి, టీవీలో హర్లింగ్ ఆట సగం చూసి, అప్పుడు గుర్తుపట్టి వచ్చేశానని దేవదాసుగారు చెబుతుంటారు. దూరిన మాట నిజం. టీ సంగతి మనం నమ్మక్కర్లేదు.

ఆయన పై మెట్టు మీద చతికిలబడి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, తలుపుతో మాట్లాడినట్టు మొదలుపెట్టారు.

“అమ్మాయ్, తినమని అడగటానికి రాలా. నాకు కబుర్లు చెప్పుకునేందుకు మనిషి కావాలి. కింద ఉన్నవాళ్ళందరూ నా కథలు విని విని చెవులకు గొళ్ళేలు పెట్టుకున్నారు. నువ్వు కొత్తదానివి. అడ్డంగా దొరికావు.”

ఆయన పెసరట్ల మీద చెయ్యి కప్పి, కథ ఎత్తుకున్నారు.

“మా ఊళ్ళో ఒకసారి కరువొచ్చింది. ఎట్టాంటి కరువనుకున్నావు? కాకులు కూడా మధ్యాన్నం పూట పస్తులుండి, అరిచే ఓపిక లేక, ఒకదాన్ని చూసి ఒకటి తలూపుకునేవి. అప్పుడు జిల్లా నుంచి లక్ష్మీనారాయణ అని ఒక ఆఫీసరొచ్చాడు. ఎవరింట్లో తిండుంది, ఎవరింట్లో లేదు, ఇల్లిల్లూ తిరిగి రాసుకుపోవాలి. మా ఊరి మర్యాద నీకు తెలవదు. ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా పంపితే పరువు పోద్ది. మరి ఊరు మొత్తానికి ఉన్నది ఒక్క కుండెడు అన్నం.”

లోపల మంచం కిర్రుమంది.

“ఏం చేశారంటే, మొదటింట్లో ఆయనకి వడ్డించారు. ఆయన తిని, వాకిట్లో చెయ్యి కడుక్కుంటుంటే, కుండ పెరటి గోడ దాటి రెండో ఇంట్లోకెళ్ళింది. అక్కడా తిన్నాడు. కుండ మళ్ళీ గోడ దూకింది. ఆయన వీధిలో నడుస్తున్నాడు, కుండ పెరట్లో నడుస్తుంది. ఒక్కోచోట ఆయనకంటే కుండే ముందెళ్ళి కూచునేది.”

“అలగైతే అన్నం తరిగిపోదేటి?” అంది తలుపు.

దేవదాసుగారు ఉలిక్కిపడ్డారు. తెలుగు వస్తుందని తెలుసు కానీ, అది ఇలా విశాఖపట్నం నుంచి తిన్నగా దిగివస్తుందని ఆయన అనుకోలేదు. తెనాలి ప్రాంతపు మనిషి, సంతోషం పట్టలేకపోయారు.

“భలే అడిగావు! గోడ దాటించే ముందు ఇంటింటివాళ్ళూ ఒక చెంబుడు నీళ్ళు పోశారు. వీధి చివరికొచ్చేసరికి అది గంజి. ఆఫీసరు అది తాగి, ‘ఈ ఇంటివారు నాజూకు మనుషులు, సూపు తాగుదురు’ అని రాసుకున్నాడు. ఆయన్ని ఎక్కించుకుని పోవాల్సిన ఎద్దులు వెనక్కి తిరిగి ఆ పొట్ట చూసి, లేవకుండా అక్కడే కూలబడ్డాయి. రిపోర్టులో ఏం రాశాడో తెలుసా? ‘ఈ ఊర ప్రతి ఇంటా పొయ్యి మీద అన్నం కలదు, కరువు లేదు’ అని.”

లోపల నవ్వు వినిపించింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు. తరవాత అది ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

“తాతగారూ, ఇందులో నిజం ఎంతండి?”

“నెల్లాళ్ళూ అంకుల్ని, ఇవాళ తాతనయ్యానా? సరే. ఆఫీసరు పేరు నిజం. ఎద్దులు నిజం. మిగతాది నువ్వే చూసుకో.”

“మిగతాదీ నిజవేనండి. నేను చూసాను.”

గొంతు దగ్గరైంది. అవతల ఆ పిల్ల కూడా తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చున్నట్టుంది.

“సర్వేకి వెళ్తామా, ముందురోజే ఊరిపెద్ద చాటింపు వేయించేస్తాడు. మేం వెళ్ళేసరికి ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద మొక్కజొన్న పిండి ఉడుకుతుంటాది. తిండి ఉందని రాసేసుకుంటాం. ఒక ఊళ్ళో నాకు జొరం వచ్చి ఆగిపోయాను. మర్నాడు అదే ఇళ్ళు చూసానండి. ఒక్క పొయ్యీ వెలగలేదు. ఆ పిండి మా కోసం అప్పు తెచ్చారు. మేం వెళ్ళడవే పొయ్యి వెలిగించింది. మేం వెళ్ళినచోటల్లా ఆకలి లేదని మేవే రాసుకున్నాం.”

“మరి ఆ మాట చెప్పలా?”

“మా నివేదికలో మూడో అధ్యాయం అదే రాసాను. చాటింపు లేకండా వెళ్ళాలి, ఇంట్లో ఏటి ఉందని కాదు, ఈ వారం ఎవరి దగ్గర ఏటి బదులు తెచ్చారని అడగాలి అని. కిరణ్మయిగారు కొట్టేసారు. ఒక్క ఊరి ముచ్చట పరిశోధన కాదన్నారు.”

దేవదాసుగారు కిందికి చూశారు. మెట్ల అడుగున, కమ్మీ పట్టుకుని, కోడలు నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటోందో.

“నిన్న మా ఆవిడ అన్నదానికి బాధపడ్డావేమో అనుకున్నాం, తల్లీ,” అన్నారాయన.

“మామ్మగారి మాటకి నాకెందుకండి బాధ? నేనొచ్చిన రోజు నన్ను చూసి ఆవిడేటన్నారో తెలుసునా? ‘పాపం చలికి వణికిపోతంది, నా శాలువా తెచ్చి కప్పండ్రా’ అన్నారు. తెలుగొచ్చని చెప్దావనుకున్నాను. నోరు రాలేదు. చెప్పేస్తే ఇంక నా ముందు మంచి ఇంగ్లీషు మాట్లాడతారు. వైజాగ్‌లో మా ఇంటి ఓనరు జయమ్మగారు కూడా అలగే తిడతా తిడతా అన్నం పెట్టేది. తెలీనట్టు కూచుని వింటుంటే మా ఇంట్లో ఉన్నట్టుండేది. ఒక్కరోజు, ఇంకొక్కరోజు అనుకుంటా నెల గడిపేసాను. ఆ తప్పు నాది.”

“మరి దేనికమ్మా తలుపేసుకుంది?”

గడియ తీసిన చప్పుడైంది.

*

తమాండా గుమ్మంలో నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. భుజాల మీద మంగాదేవి శాలువా ఉంది. ఆమె చూపు దేవదాసుగారి మీదుగా దాటి, మెట్ల అడుగుకు పోయింది.

“తమాండా, ఐ యామ్ సో...” అని మొదలుపెట్టింది కిరణ్మయి.

“తెలుగులో చెప్పండి.”

కిరణ్మయి ఆ ఇంగ్లీషు మాట మింగేసింది.

“రెండేళ్ళు నన్ను ఇంగ్లీషులో మెచ్చుకున్నారు. బ్రిలియంట్ అన్నారు, రెడీ అన్నారు, మీటింగుల్లో అందరి ముందూ అన్నారు. నిన్న తెలుగులో ‘అది ఇంకా తయారవలేదు అత్తయ్యా, నేను లేకపోతే అంతా కూలిపోతుంది’ అన్నారు. ఇంగ్లీషులో అన్నది ఊరందరికీ. తెలుగులో అన్నది ఇంట్లోవాళ్ళకి. మనిషి ఇంట్లోనే కదండి నిజం చెప్తాడు?”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. నిఖిల్ గుమ్మం దాకా వచ్చి ఆగాడు.

కిరణ్మయి మెట్లెక్కలేదు. ఉన్నచోటే, కింది మెట్టు మీద కూర్చుంది. అవతలి గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

“నువ్వు తయారవలేదని కాదు. తయారవలేదని అనుకుంటే నాకు బాగుంటుంది.”

తమాండా శాలువా దగ్గరికి లాక్కుంది.

“నీ మూడో అధ్యాయం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అది తప్పని కాదు. అంతకాలం అక్కడ తిరిగి ఆ పిండి నేనూ తిన్నాను. ఎక్కడిదని అడగాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. నీకు తోచింది. ఇంక నేనెందుకు అక్కడ అనిపించింది. అదొకటే కాదు. అది నిజమైతే పోయినేటి లెక్కలు తప్పు. వాటిని చూసే ఏ జిల్లాలకు చౌకగా మొక్కజొన్న పంపాలో నిర్ణయించారు. కింద నా పేరుంది.”

“నా పేరూ ఉందండి,” అంది తమాండా.

“ఉంది.”

“మరి కొట్టేసే ముందు నన్ను ఒక్కమాట అడగాలి కదా?”

కిరణ్మయి తలూపింది. చేత్తో కళ్ళు తుడుచుకుంది. దేవదాసుగారు జేబులోంచి రుమాలు తీసి పైనుంచే కిందికి చాచి, అది తన ముక్కు తుడుచుకున్న రుమాలని గుర్తొచ్చి వెనక్కి తీసేసుకున్నారు. తమాండా పెదవి ఒక మూల వంకర తిరిగింది. గుమ్మం దాటి వచ్చి, ఆయన ఒళ్ళోంచి పళ్ళెం అందుకుని, చల్లారిన పెసరట్టు తుంచి నోట్లో పెట్టుకుంది.

“అల్లం ఎక్కువైందా అమ్మా?” అని కేకేసింది మంగాదేవి వంటింట్లోంచి. మాట అక్కడితో తెగిపోతుందేమోనని ఆమె భయం.

“సరిపోయిందండి మామ్మగారూ.”

“నిజం చెప్పు!”

“కొంచెం ఎక్కువే.”

ఫోన్ మోగింది.

*

గ్రాన్యా గొంతు స్పీకరులో హాయిగా పలికింది. శనివారం పూట ఇబ్బంది పెడుతున్నానా అని అడిగింది. “నో నో, యూ ఆర్ గ్రాండ్,” అంది కిరణ్మయి. ఆపైన నడిచిందంతా ఇంగ్లీషే. మంగాదేవి అలమారా తలుపు తెరిచి, అందులోంచి ఏమీ తీయకుండా, మొహాలు చూసి అర్థం చేసుకుంటూ నిలబడింది.

“నీ సలహా చెప్పు కిరణ్. నువ్వా, తమాండానా?”

కిరణ్మయి ఫోన్‌ను బల్ల మీద నెమ్మదిగా తమాండా వైపు జరిపింది.

“తమాండా ఇక్కడే ఉంది. నా సలహా తనే. వివరాలు తననే అడుగు.”

మంగాదేవి అలమారా తలుపు మూసింది. కోడలు ఇంట్లో ఉండబోతోందన్న సంగతి ఆమెకు భాషతో పనిలేకుండా అందింది. కానీ ఆ మొహంలో సంతోషం రావలసినంత రాలేదు. ఎందుకంటే కోడలు తలెత్తి చూడటం లేదు.

“కంగ్రాచులేషన్స్, తమాండా!” అంది గ్రాన్యా.

“థాంక్యూ. ఒప్పుకునేముందు ఒక మాట చెప్పాలి.” తమాండా శాలువా అంచు వేళ్ళకు చుట్టుకుంది. గొంతు మాత్రం తొణకలేదు. “నివేదికలో ఒక అధ్యాయం తిరిగి చేర్చాలి. అది చేరిస్తే పోయినేడు మేం ఇచ్చిన అంకెలు నిలబడవు. ఆకలి లేదని మేం రాసిన జిల్లాల్లో ఆకలి ఉంది. ఆ మాట మంత్రిత్వ శాఖకు మేమే చెప్పాలి. పాత గింజలు అయిపోయే ఈ వానాకాలానికి ముందే చెప్పాలి. అలా అయితేనే ఈ పని తీసుకుంటాను.”

పక్కింటివాళ్ళు గడ్డి కోస్తున్న యంత్రం మోత కిటికీలోంచి వినిపించింది.

“మీరు ఇచ్చిన అంకెలు,” అంది గ్రాన్యా చివరికి. “వాటి మీద సంతకాలు ఇద్దరివీ. కిరణ్, నువ్వక్కడే ఉన్నావా? ఇది నీకు ముందే తెలుసా?”

నిఖిల్ భార్య వైపు చూశాడు. తెలియదని ఒక్కమాట అంటే చాలు. అనమని ఆమెను ఎవరూ అడగలేదు. అంటే తప్పుపట్టేవాళ్ళూ ఆ బల్ల దగ్గర లేరు. తమాండా కూడా తల వంచుకుంది, ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూడకూడదన్నట్టు.

కిరణ్మయి లేచి, బల్ల చుట్టూ వచ్చి, తమాండా పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

“తెలుసు. తను రాసింది. నేను కొట్టేశాను.”

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

“అయితే నేను లిలాంగ్వేతో మాట్లాడాలి,” అంది గ్రాన్యా. హాయిగా ఉన్న గొంతు ఇప్పుడు ఆఫీసు గొంతు అయిపోయింది. “ఈ విభాగాన్ని ఉంచుతారో మూసేస్తారో కూడా నాకు తెలీదు. ఇద్దరూ ఫోన్ దగ్గరే ఉండండి.”

లైను తెగింది.

“ఏమైందమ్మా?” అంది మంగాదేవి. “ఉద్యోగం ఎవరికిచ్చారు? నీకా, ఈ పిల్లకా?”

తమాండాయే చెప్పింది.

“ఇప్పటికైతే ఎవరికీ లేదండి మామ్మగారూ.”

మంగాదేవి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇద్దరి మధ్యా నీళ్ళ చెంబు పెట్టింది.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి తెర మీద గ్రాన్యా పేరు లేదు. పొడుగాటి విదేశీ నంబరు. ఆ మొదటి అంకెలు చూసి, అది లిలాంగ్వే నుంచేనని ఇద్దరూ గుర్తుపట్టారు.

రెండు చేతులు ఒకేసారి ముందుకు వెళ్ళాయి. ఒకేసారి ఆగిపోయాయి.